దొంగ వాదనల క్లాసు – పదకొండో భాగం: రెండు తొనలు

గతవారం పత్రికను పక్కింటివాళ్లు "ఇప్పుడే చదివిచ్చేస్తాం" అని పట్టుకెళ్లి ఇంకా ఇవ్వని పాఠకుల కోసం నాలుగు ముక్కలు.

అయిదంతస్తుల బట్టల గోడౌన్లో సరుకుల లిఫ్టు నాలుగో అంతస్తు నుంచి జారిపడింది. దాన్ని నడిపే మనిషీ, అందులో ఉన్న ప్యాకింగ్ అమ్మాయిలిద్దరూ పోయారు. ఆ లిఫ్టు మనిషికి స్వయానా వదిన మన పంతులమ్మ. సాయంత్రాలు రీడింగ్ రూము మేడ మీద పనివాళ్లకు మాట్లాడటం నేర్పుతుంది. వాక్యాలు ఎన్ని రకాలు, పోలిక ఎక్కడ పొదగాలి, ఎదుటివాడు అడ్డగోలుగా వాదిస్తుంటే అందులో అడ్డం ఎంత, గోల ఎంత అన్నది ఎలా తేల్చాలి, ఇదీ సిలబస్. ఇక విచారణ అంటారా, విచారం ఒకరిది, రణం ఇంకొకరిది, రెండూ కలిపి కుట్టిన బట్ట అది. అందులో కంపెనీ లాయరు లేచి, చనిపోయినవాడి లాకర్లో దొరికిందంటూ ఒక కాగితం తీశాడు. "ఈ లిఫ్టుకు రేపు ఏమైనా అయితే తప్పు నాదే" అని మొదలయ్యే ఆ కాగితం అడుగున లిఫ్టు మనిషి సంతకం ఉంది. పైన ఉన్న తేదీ ప్రమాదానికి పద్దెనిమిది రోజుల ముందుది. వెనక బెంచీ మీద అతని భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. అక్కడ ఆపాను.

ఆ కాగితమేమిటో చెప్పే మనిషి ఆ గదిలో ఒక్కతే. ఆమె లేచి నిలబడింది.

"అది ఒప్పుకోలు కాదండీ," అంది పంతులమ్మ. "హోంవర్కు."

గోడౌన్ కాంటీన్లోనే విచారణ. మూడు భోజనాల బల్లలు కలిపి మీద ఆకుపచ్చ గుడ్డ పరిచారు. బల్లల మధ్య సందులో గుడ్డ కుంగి, విచారణాధికారి పెన్సిలు మాటిమాటికీ అందులోకి దొర్లిపోతోంది. ఆయనకు ఒక అలవాటు ఉంది. గుమాస్తాను నమ్మడు. విన్న ప్రతి వాక్యాన్నీ తనే పైకి అనుకుంటూ రాసుకుంటాడు.

"అది... ఒప్పుకోలు... కాదు. హోం... వర్కు," అని రాసుకుని తలెత్తాడు. "దేనికమ్మా హోంవర్కు?"

"దొంగ వాదనల పాఠానికండీ. ఏడాదికోసారి పెడతాను. 'రేపు మీ పనిలో ఏదైనా ప్రమాదం జరిగితే తప్పు మీదేనని నిరూపించండి.' పొయ్యి దగ్గరివాడు పొయ్యి మీద రాస్తాడు, డ్రైవరు బండి మీద రాస్తాడు. వాదన పైకి గట్టిగా ఉండాలి, లోపల డొల్లగా ఉండాలి. డొల్ల ఎక్కడుందో మిగతా క్లాసు పట్టుకోవాలి."

"మరి అభ్యాసం అని పైన రాయలేదే?"

"రాయకూడదండీ. అది నా రూలు. పైన శీర్షిక పెట్టకూడదు, అడుగున సంతకం చెయ్యాలి. ఆట అని ముందే తెలిస్తే ఎవరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని వినరు."

కంపెనీ లాయరు గొంతు సవరించుకున్నాడు. వీడి సంగతి కొత్తవాళ్లకు చెప్పాలి. పదేళ్ల కిందట వీడూ ఆ మేడ మీదే కూర్చుని పాఠం విన్నవాడే. పంతులమ్మ శిష్యులకు వాక్యాల పేర్లు పెట్టేది. మరిది 'సామాన్యం': ఒక కర్త, ఒక క్రియ, పని అయిపోతే ఇంటికి పోవడం. ఈ లాయరు 'సంక్లిష్టం': చూసి, వచ్చి, అనుకుని, తలచి, అంటూ పోవడమే తప్ప అసలు క్రియ దగ్గరికి చేరేసరికి వినేవాడికి ఆకలేస్తుంది.

"మేడమ్ గారు తీరని బాధలో ఉండి," మొదలుపెట్టాడు సంక్లిష్టం, "ఆ బాధ ఆలోచనను కాస్త కమ్మేసి, కళ్లెదుట ఉన్న సంతకాన్ని కూడా కాదనవలసి వచ్చి, ఒక ఒప్పుకోలును పిల్లల ఆటగా చూపించబోయి..."

"క్రియ వచ్చాక పిలువు నాయనా," అంది పంతులమ్మ. "ఈలోగా నేను ఆయనకు చెబుతుంటాను."

ఎవరో నవ్వి నోరు మూసుకున్నారు. నవ్వినవాళ్ల తప్పు కాదు. ఆ గదిలో పొద్దున్నించీ ఊపిరి తీసుకోవడానికి కూడా పర్మిషన్ కావాల్సినట్టుంది.

ఆమె కాగితం చేతికి తీసుకోలేదు. చూడకుండానే చెప్పింది, ఎందుకంటే దాన్ని ఒకసారి దిద్దింది.

"మొదటిది. 'నేను పనిలో చేరిన ఏడాదే లిఫ్టు మొరాయించడం మొదలైంది, కాబట్టి పాడు చేసింది నేనే.' కాకి వాలింది, కాయ పడింది. వెనక జరిగిందల్లా ముందు జరిగినదానివల్లే జరగదు కదండీ. మీరొచ్చిన రోజునే ఈ కాంటీన్లో ఫ్యాను ఆగిపోయింది. మీ మీద రాయమంటారా?"

అధికారి ఫ్యాను వైపు చూశాడు. రాయలేదు.

"రెండోది. 'నాకు ముందున్న లిఫ్టు మనిషి తాగేవాడు, లిఫ్టు మనుషులంతా అంతే, నేను మాత్రం వేరా.' దీన్ని మేం గంపగుత్త వాదన అంటాం. ఒక కాయ పుచ్చితే గంపంతా పుచ్చిందనడం. మా మరిది టీ కూడా తాగేవాడు కాదు, అడగండి. మూడోది చూడండి. 'పడితే లిఫ్టు తప్పయినా కావాలి, నా తప్పయినా కావాలి. లిఫ్టు ఇనుము. ఇనుముకు తప్పొప్పులు తెలియవు. కాబట్టి తప్పు నాదే.' ఇది రెండు తలుపుల వాదన. గదికి రెండే తలుపులున్నాయని నమ్మించి ఒకటి మూసేస్తారు. మూడో తలుపు ఉందని ఎవరికీ తోచదు. లిఫ్టును చూసుకోవలసినవాళ్లు ఆ మూడో తలుపు వెనక కూర్చుని ఉంటారండీ."

మూడో తలుపు మనిషి నిజంగానే ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. గోడౌన్ ఇన్‌చార్జి. బొద్దుగా, ఇస్త్రీ చొక్కాలో, పెళ్లికొచ్చిన పెద్దమనిషిలా. తన గురించి కాదన్నట్టు అతను కూడా ఫ్యాను వైపు చూశాడు.

మూడు వాదనలూ రాసుకోవడానికి అధికారికి చాలాసేపు పట్టింది. వెనక బెంచీ మీద చనిపోయినవాడి భార్య కొంగు నోట్లోంచి తీసింది. నెల రోజులుగా ఆమె ఏ గదిలోనూ తలెత్తలేదు. కుళాయి దగ్గర ప్యాకింగ్ అమ్మాయిల్లో ఒకరి తల్లి ఈమెను చూసి, సగం నిండిన బకెట్టు ఒలకబోసి వెళ్లిపోయింది. ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది. ఇప్పుడు ఈ అధికారి 'నడిపినవాడి నిర్లక్ష్యం' అని ఒక్క ముక్క రాస్తే ఆ ఒలకబోసిన నీళ్లు జన్మంతా ఈమె కాళ్ల కిందే ఉంటాయి. మళ్లీ నడుపుతామని కంపెనీ చెప్పిన సోమవారం అదే లిఫ్టు, అదే బ్రేకుతో, ఇంకో మనిషితో పైకి లేస్తుంది.

"మూడు సరే," అన్నాడు అధికారి. "నాలుగోది ఉంది కదమ్మా. 'మూడో అంతస్తు దాటాక బ్రేకు జానెడు జారుతోందని నాకు తెలుసు. తెలిసీ మనుషుల్ని ఎక్కిస్తున్నాను.' ఇందులో డొల్ల ఏముంది?"

పంతులమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"అది కల్పించిన వివరమండీ. వాదన డొల్ల అయినప్పుడు నమ్మకం పుట్టడానికి ఒక చిన్న వివరం పెట్టమంటాను. జానెడు, బారెడు, అలాంటిది. బ్రేకు జారుతోందని అతనికి తెలియదు. తెలిస్తే ఆ ఆడపిల్లల్ని ఎక్కించే మనిషి కాడు."

"అది... కల్పించిన... వివరం," అని రాసుకున్నాడు అధికారి. "జారుతోందని... అతనికి... తెలియదు."

సంక్లిష్టం కూడా రాసుకున్నాడు. అంత పొట్టి వాక్యం రాసుకోవడం వాడి జీవితంలో అదే మొదటిసారేమో.

"ఇది క్లాసు కాగితమేనని రుజువేమైనా ఉందా?"

"ఉందండీ. ఇది చిత్తు ప్రతి. సాఫీ ప్రతి నా దగ్గరే ఉంటుంది. ఈ పాఠం కాగితాలు నేనెవరికీ తిరిగివ్వను. ఒకసారి ఒకతను రాసింది వాళ్లావిడ చదివి పుట్టింటికి వెళ్లిపోయింది. అప్పటినుంచీ రీడింగ్ రూము బీరువాలో పెట్టి తాళం వేస్తాను."

సాఫీ ప్రతులకు తాళం వేసిన మనిషి చిత్తు ప్రతుల సంగతి మర్చిపోయింది. అక్షరాలు చిత్తులోనూ అవే అక్షరాలు.

"భోజనాల తర్వాత తెచ్చివ్వండి," అని అధికారి లేచాడు.

కాంటీన్ బయట మెట్ల దగ్గర ఇన్‌చార్జి ఎదురయ్యాడు. చేతిలో కమలాపండు. తొక్క ఒకే చుట్టుగా, తెగకుండా ఒలుస్తున్నాడు. ఆ పనిలో మంచి వాటం ఉంది.

"బాగా మాట్లాడారు మేడం," అన్నాడు. మాటలో వెటకారం లేదు. "మావాళ్లంతా అంటున్నారు, ఆవిడ లాయరై ఉంటేనా అని. మీ మరిది మంచోడండీ. ఏం చేస్తాం, రాసిపెట్టి ఉంది." రెండు తొనలు విడదీసి ఆమె చేతిలో పెట్టాడు. "పొద్దున్నించీ నిలబడే ఉన్నారు. నోరు తీపి చేసుకుని పోయి పని చూసుకోండి."

పెట్టినదాన్ని పారెయ్యడం ఆమెకు చేతకాదు. రుమాలులో చుట్టి సంచిలో వేసుకుంది.

రీడింగ్ రూము రోడ్డుకు అవతలే. తోడికోడలు వెంట వచ్చింది. మేడ ఎక్కి, గోడవార ఉన్న రెండో బెంచీ మీద, కాళ్లు నడిపించిన చోటే కూర్చుంది.

"ఇక్కడే కూర్చునేవాడా అక్కా?"

"అక్కడే. గోడకు ఆనుకుని."

"ఇంటికొచ్చి నవ్వేవాడు. వదిన దగ్గర అబద్ధాలకు మార్కులు పడతాయి, నీ దగ్గర నిజాలకు కూడా పడవు అని." ఆమె బెంచీ మీద వేలితో ఏదో గీసింది. "ఆ కాగితం చూపిస్తే వాళ్లు ఒప్పుకుంటారు కదక్కా?"

"ఒప్పుకుంటారు."

బీరువా తాళం ఎప్పటిలాగే రెండుసార్లు తిప్పితేగానీ రాలేదు. కట్ట విప్పింది. ఏడో కాగితం. సామాన్యం రాత, గుండ్రంగా, ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క గిన్నెలా. పైన ఎర్ర సిరాతో ఎనిమిదిన్నర. పదికి ఎనిమిదిన్నర ఆ ఏడాది ఇంకెవరికీ రాలేదు.

మొదటి మూడు వాదనలూ చిత్తులో ఉన్నట్టే ఉన్నాయి. బ్రేకు దగ్గర మాత్రం సాఫీ ప్రతిలో మరి మూడు వాక్యాలు చేరాయి. చేర్చమన్నది ఆమే. చిత్తు రాశాక సాఫీ ప్రతిలో ఇంకో చిన్న వివరం కలపాలి, అది చూస్తే ఎవడైనా నమ్మెయ్యాలి, అని ఏటా చెప్పే మాటే.

'ఇన్‌చార్జి గారికి రెండుసార్లు చెప్పాను. రెండోసారి ఆయన కమలాపండు ఒలుచుకుంటున్నారు. రెండు తొనలు నా చేతిలో పెట్టి, నోరు తీపి చేసుకుని పోయి పని చూసుకో అన్నారు.'

పక్కన, మార్జిన్లో, తన రాత:

'రెండు తొనలు. భలే ఊహ. ఈ వివరమే అబద్ధానికి ప్రాణం పోసింది.'

పంతులమ్మ బీరువా తలుపు పట్టుకుంది. అలంకారాలు చెప్పీ చెప్పీ ఎవరు ఏమన్నా అలంకారంగానే వినే చెవి ఒకటి తయారవుతుంది మనిషికి. సామాన్యానికి కల్పించడం చేతకాదు. పాతికేళ్లుగా ఎరిగిన మరిది. ఇంట్లో పప్పు మాడితే మాడిందని చెప్పి తిట్లు తినే మనిషి. వివరం కల్పించమంటే ఎక్కడినుంచి తెస్తాడు? ఉన్నదే తెచ్చాడు. ఇన్‌చార్జి వినలేదు కాబట్టి, వినడం నేర్పే మనిషికి రాసి ఇచ్చాడు. ఆ మనిషి చదివి మార్కులు వేసింది. మార్కుకూ మరకకూ మధ్య ఒక్క అక్షరం తేడా కూడా ఆమెకు ఆ క్షణాన కనబడలేదు.

పైగా ఇందాకే, అందరి ముందూ, బ్రేకు సంగతి అతనికి తెలియదని చెప్పి వచ్చింది.

"దొరికిందా అక్కా?"

"దొరికింది."

"పక్కన ఎర్రగా ఏదో రాశావు. ఏమిటది?"

"మార్కులు," అంది పంతులమ్మ. "పద, టైమైంది."

భోజనాల తర్వాత ఆకుపచ్చ గుడ్డ మీద ఎవరో మజ్జిగ ఒలికించారు. అధికారి కాగితాన్ని పొడి చోట పెట్టి, చిత్తునూ సాఫీనీ పక్కపక్కన పెట్టుకుని వేలు పెట్టి చదివాడు. బ్రేకు దగ్గరికి వచ్చేసరికి పైకి చదవడం ఆపేసి, మార్జిన్‌తో సహా కళ్లతో చదువుకుని, లాయరుకు కూడా చూపించాడు.

"ఇది క్లాసు కాగితమే," అన్నాడు చివరికి. "ఒప్పుకోలు కింద తీసుకోవడానికి వీల్లేదు. రాసుకుంటున్నాను."

వెనక బెంచీ మీంచి ఒక నిట్టూర్పు వినబడింది. అక్కడితో కూర్చుని ఉంటే పంతులమ్మ గెలిచినట్టే. కాగితం పోయింది, మరిది మీద మచ్చ సగం పోయింది. లిఫ్టు మాత్రం సోమవారం లేస్తుంది.

ఆమె కూర్చోలేదు.

"ఇందాక నేను చెప్పినదాంట్లో ఒకటి తప్పండీ. బ్రేకు సంగతి కల్పన కాదు. అతనికి తెలుసు. ఇన్‌చార్జి గారికి రెండుసార్లు చెప్పాడు. అది నిజం."

అధికారి పెన్సిలు మళ్లీ సందులోకి దొర్లింది. ఈసారి ఆయన వెంటనే తీసుకోలేదు.

సంక్లిష్టం లేచాడు. పాపం, గురువుగారికి ఎదురు నిలబడటం వాడికీ కష్టంగానే ఉన్నట్టుంది. గొంతు తగ్గించాడు. మాటలూ తగ్గించాడు.

"మేడమ్, సాఫీ ప్రతిలో చేర్చే వివరం కల్పించాలి. ఇది మీ రూలే కదా?"

"నా రూలే."

"మార్జిన్లో ఉన్న రాత మీదేనా?"

"నాదే."

"భలే ఊహ. అబద్ధానికి ప్రాణం. అంటే ఇది అబద్ధమని మీరే రాశారు. పొద్దున ఇక్కడ మీరే చెప్పారు. ఈ కాగితంలో మొదటి వాదన అబద్ధం, రెండోది అబద్ధం, మూడోది అబద్ధం. నాలుగోది మాత్రం నిజమా?"

అయిదు పొట్టి వాక్యాలు, ఒక ప్రశ్న. వాడు నేర్చుకున్నాడు. గంపలో మూడు కాయలు పుచ్చాయి కాబట్టి నాలుగోదీ పుచ్చే అంటున్నాడు. ఇది గంపగుత్త వాదనేనని ఆమెకు తెలుసు, వాడికీ తెలుసు, ఆ పేరు వాడికి చెప్పిందే ఆమె. కానీ పేరు తెలిసినంత మాత్రాన వాదన పడిపోదు. దాన్ని పడగొట్టాల్సిన చేతిరాతే దానికి గుంజలా నిలబడి ఉంది.

పంతులమ్మ సంచిలోంచి రుమాలు తీసింది. విప్పి ఆకుపచ్చ గుడ్డ మీద పెట్టింది. రెండు కమలా తొనలు, కాస్త నలిగి, కొసల దగ్గర తడిగా.

"ఇవి ఇందాక మెట్ల దగ్గర ఇన్‌చార్జి గారు నాకు పెట్టినవండీ. నా మరిది ఈ కాగితం రాసి నలభై ఎనిమిది రోజులైంది. అతను రాసింది ఊహే అయితే, ఆ ఊహ ఇవాళ నా చేతిలోకి ఎలా వచ్చిందో ఆయన్ని అడగండి. పెట్టేటప్పుడు ఏమన్నారో కూడా అడగండి. నేను చెప్పను. కాగితంలో ఉంది."

గది మొత్తం ఇన్‌చార్జి వైపు తిరిగింది. అతను నవ్వబోయాడు. మొహంలో నవ్వు సగం దూరం వచ్చి ఆగింది. చేతులు రెండూ ఒళ్లోకి తీసుకున్నాడు. ఆ వేళ్లకు ఇంకా పండు వాసన ఉండి ఉంటుంది. కుర్చీలో జరిగి, పొద్దున్నించీ మొదటిసారి, లాయరు మొహం వైపు చూశాడు. లాయరు మాత్రం తొనల వైపే చూస్తున్నాడు.

"అడగమంటారా?" అన్నాడు అధికారి. ఎవరిని అడిగాడో తెలియదు.

వెనక బెంచీ జరిగిన చప్పుడైంది. చనిపోయినవాడి భార్య లేచి బల్ల దగ్గరికి నడిచి వచ్చింది. ఇన్‌చార్జిని చూడలేదు. తొనల్ని చూడలేదు. వంగి, సాఫీ ప్రతి మీద భర్త రాతను వేలితో తడుముతూ పోయి, ఆ వేలిని ఎర్ర సిరా దగ్గర ఆపింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుంది. 

"అక్కా," అంది తలెత్తి. "ఇది నువ్వు ఎప్పుడు రాశావు?"

పంతులమ్మ నోరు తెరిచింది.

"ఆయన ఇది ఇచ్చిన రోజే దిద్దావా? లిఫ్టు పడకముందే, నీకు చెప్పాడా?"

క్లాసులో ప్రశ్నలు రెండు రకాలని చెప్పేది పంతులమ్మ: జవాబు కోసం అడిగేవి, దెబ్బ కోసం అడిగేవి. ఇది మొదటి రకం. తోడికోడలికి రెండో రకం తెలియదు.

అధికారి సందులోంచి పెన్సిలు తీసుకుని, మొన చూసుకుని, కాగితం మీద కొత్త గీత దగ్గర ఆనించాడు.

"జవాబు కూడా రాసుకోవాలి కదమ్మా," అన్నాడు. "కాస్త నిదానంగా చెప్పండి."